మంచునేలపై నేర్చిన విద్య

సైకిలు త్రొక్కనేర్చిన ప్రతి విద్యార్థికిని ఒక సంగతి అనుభవమువలన తెలిసియుండును. తిన్నని బాటపై పోవునప్పుడు సైకిలు నిటారుగా నిలుచును. మలుపు తిరుగునప్పుడు మాత్రము అది మలుపు వైపునకు ఒరుగును. ఒరగనిచో బాట విడిచి బయటికి పోవును. మితిమీరి ఒరిగినచో చక్రము జారి, త్రొక్కువాడు నేలపై పడును. వేగము పెరిగినకొలది ఒరుగవలసిన కొలతయు పెరుగును. వాన కురిసి బాట తడిసిన దినమున ఈ లెక్క ఎంత వెంట్రుకవాసిలో తప్పునో, మోచేతులు చెక్కుకొనిపోయినవారి నడిగినచో చెప్పుదురు. గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవు సైకిలు సంగతియే ఇట్లుండగా, గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగిడు మోటారుసైకిలును మలుపు త్రిప్పుట యెట్టి సాహసమో ఊహింపవచ్చును.

ఈ విద్యలో క్రొత్త త్రోవ తీసినవారిలో ఒకడు ఫిన్లండు దేశస్థుడైన యార్నో సారినెన్. ఆతడు జీవించినది 27 సంవత్సరములు మాత్రమే. ప్రపంచస్థాయి పందెములలో పాల్గొన్నది ఐదారేండ్లు. అయినను ఆ స్వల్పకాలములోనే మోటారుసైకిలుపై మనుష్యుడు కూర్చుండు తీరునే మార్చిపోయెను.

ఫిన్లండు యూరపుఖండమున ఉత్తరపు కొనయందున్న దేశము. దాని భూభాగములో సుమారు నాలుగవవంతు ఆర్కిటిక్ వలయమునకు ఆవల నున్నది. చిన్నవియు పెద్దవియు కలిపి అచ్చట దాదాపు 1,88,000 సరస్సులు కలవని గణించిరి. శీతకాలము వచ్చినదనగా ఆ సరస్సుల నీరు గడ్డకట్టి బండవలె బిగిసిపోవును. మనవంటి ఉష్ణదేశవాసులకు మంచుగడ్డ గ్లాసులో వేసికొను వస్తువు. వారికది నెలల తరబడి కాలిక్రింద నుండు నేల. దానిపై నడచుదురు, పాదములకు ఉక్కుపట్టీలు కట్టుకొని జారుదురు, బండ్లు తోలుదురు. యువకులు మోటారుసైకిళ్ళ పందెములు కూడ వేయుదురు.

అద్దమువలె నున్ననైన మంచుగడ్డపై రబ్బరుచక్రము నిలువదు. కావున టైర్లకు ఇనుపముళ్ళు దిగగొట్టుదురు. అప్పటికిని వెనుకచక్రము ప్రక్కకు జారుచునే యుండును. అచ్చట జారుట ప్రమాదము కాదు. నడుపుటలో అదియు ఒక భాగము. జారుడును బలవంతముగా అణచబోవువాడు పడిపోవును. అది ఎంతవరకు పోవలెనో అంతవరకు పోనిచ్చి, అచ్చట దానిని పట్టి నిలుపగలవాడు ముందుకు సాగును. చేతులతో హ్యాండిలు త్రిప్పుటకన్న, దేహభారమును ఏ క్షణమున ఏ వైపునకు మరల్చవలెనో ఎరుగుటయే ఆ విద్యకు ప్రాణము.

ఈ మంచుపందెమునకు తోబుట్టువు వంటిది స్పీడ్‌వే అను మట్టిబాట పందెము. 1920వ దశకమున ఆస్ట్రేలియాలో ప్రబలి, అచ్చటినుండి ఇంగ్లండునకును, పిదప యూరపు దేశములకును ప్రాకిన క్రీడ యిది. కోడిగ్రుడ్డు ఆకారముగల చిన్న బాటపై ఒకమారునకు నలుగురే దిగుదురు. నాలుగు చుట్లు తిరుగుదురు. సుమారు ఒక నిమిషములో ఫలితము తేలిపోవును. వారు నడుపు యంత్రమునకు 500 సి.సి. ఇంజను ఉండును గాని, బ్రేకులుండవు. ఇది ముద్రాపకుని పొరపాటు కాదు, నిజముగనే ఉండవు! గేరు ఒక్కటే. తిరుగుట ఎల్లప్పుడును ఎడమవైపునకే. మలుపు రాగానే వెనుకచక్రమును బయటివైపునకు విసరి, ముందుచక్రమును మలుపునకు వ్యతిరేకదిశగా త్రిప్పి, ఉక్కు అడుగు తొడిగిన ఎడమపాదమును నేలపై రాచుచు, యంత్రమును అడ్డముగా జారనిత్తురు. చూచువారికి ఇప్పుడో క్షణమునకో పడిపోవునని తోచును. నడుపువానికి మాత్రము ఆ జారుడే బ్రేకు, ఆ జారుడే చుక్కాని. కత్తిమీద సాము అను మాట ఇట్టి విద్యకే తగును.

ఫిన్లండు యువకులు వేసవిలో మట్టిపైనను, శీతకాలమున మంచుపైనను ఇట్టి పందెములలో చేయి తిరిగినవారు. యార్నో సారినెన్ ఆ బడిలో చదివినవాడే.

యార్నో 1945 డిసెంబరు 11వ తేదీన టుర్కు నగరమున జన్మించెను. ఔరా నది సముద్రమున కలియుచోట వెలసిన ప్రాచీన నగరమిది. 1812 వరకు ఆ దేశమునకు ముఖ్యపట్టణము. ఆతడు పుట్టునాటికి రెండవ ప్రపంచయుద్ధము అప్పుడే ముగిసినది. యుద్ధానంతరము ఫిన్లండు సోవియట్ యూనియనుకు భారీగా నష్టపరిహారము చెల్లింపవలసివచ్చెను. ఆ పరిహారమును చాలభాగము ఓడల రూపమునను యంత్రముల రూపమునను ఇచ్చి, 1952 నాటికి ఋణవిముక్తులైరి. అడవులను, కలపను నమ్ముకొని బ్రతుకుచుండిన దేశము ఈ కారణమువలన యంత్రపరిశ్రమలను పెంచుకొనవలసివచ్చెను. ఆపద యొక్కొకప్పుడు చేతిపనిని నేర్పును. సుత్తెల చప్పుడు వినవచ్చు అట్టి నగరమున పెరిగిన బాలునికి ఇంజనుపై మక్కువ కలుగుటలో వింతలేదు.

టుర్కులో టుంటురి అను సంస్థ సైకిళ్ళను, మోపెడ్లను తయారుచేయుచుండెను. యార్నో కౌమారదశలోనే ఆ కర్మాగారమున పనికి కుదిరెను. యంత్రమును నడపి చూచుట, దాని లోపము కనుగొనుట, విప్పుట, బిగించుట — ఇవి ఆతని మొదటి పాఠములు. ఆ కాలముననే ఆతడు మంచుపందెములలో ప్రవేశించి, 1965లో తన దేశమున 250 సి.సి. తరగతిలో మంచుపందెముల విజేత యయ్యెను. అప్పటికి ఆతనికి ఇరువదియేండ్లు నిండలేదు. తేవో లాన్సివువోరి అను యువకుడు ఆతనికి ప్రాణస్నేహితుడు, ప్రతిస్పర్థియు. ఆతడును 1945 డిసెంబరుననే, యార్నోకన్న రెండు దినములు ముందు పుట్టినవాడు. ఒకరినొకరు ఓడించుటకు శ్రమించుచు, ఒకరికొకరు పనిముట్లందించుకొనుచు వారు కలిసి ఎదిగిరి.

1968లో యార్నో మొట్టమొదటిసారిగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెమున దిగెను. అది ఫిన్లండులోనే, ఇమాత్రా పట్టణమున జరిగినది. ఆ బాట ప్రత్యేకముగా నిర్మించిన మైదానము కాదు; ప్రజలు నిత్యము తిరుగు రోడ్లే. నడుమ ఒకచోట రైలుపట్టాలను కూడ దాటవలెను! 125 సి.సి. యంత్రముపై నాడు ఆతడు పదునొకండవవాడుగా వచ్చెను. మరుసటి సంవత్సరమున 125, 250 సి.సి. తరగతులు రెండింటను ఫిన్లండు దేశపు విజేతగా నిలిచెను.

దేశమున గెలుచుట వేరు, దేశదేశముల మేటివారితో తలపడుట వేరు. దానికి మంచి యంత్రములు కావలెను. యంత్రములకు ధనము కావలెను. యార్నో సంపన్నుడు కాడు. 1970లో ఆతడు బ్యాంకునుండి అప్పు తీసికొని యమహా యంత్రములను కొనెను. పెద్ద సంస్థల జీతముపై నడుపువారికి ఇంజను పగిలినచో మరియొకటి వచ్చును. అప్పుతో కొన్నవానికి ఇంజను పగిలినచో సంవత్సరము పగిలినట్లే. అయినను ఆ యేట ఆతడు 250 సి.సి. తరగతిలో ముందువరుసవారి సరసన నిలిచెను. ఇంతలో ఒక చిక్కు వచ్చెను. ఆతడు అదే కాలమున యంత్రనిర్మాణశాస్త్రము చదువుచున్న విద్యార్థి. చదువు పూర్తిచేయవలసిన సమయమును, పందెముల సమయమును ఒక్కటైనవి. అప్పు తీర్చుటకు పందెమే దారి. పేరు వచ్చుచున్నదియు అచ్చటనే. అట్టి స్థితిలో ఆతడు చివరి మూడు పందెములను వదలుకొని, స్వదేశమునకు తిరిగివచ్చి చదువు ముగించెను. ఆ మూడింటిని వదలినను సంవత్సరాంతమున నాలుగవ స్థానము దక్కెను. పందెగాండ్రలో ఇట్టి నిర్ణయము చేసినవారు అరుదు.

ఆ చదువు వృథా పోలేదు. ఆతడు యంత్రమును కేవలము నడుపువాని కంటితో గాక, కట్టువాని కంటితో కూడ చూచుచుండెను. హ్యాండిలు కొనలు మిక్కిలి క్రిందికి వాలునట్లు అమర్చుకొనెను. చూపరులకది వికృతముగా కనబడెను. కాని ఆతడు కూర్చుండు తీరునకు అది తప్పనిసరి.

ఆ తీరును కొంత వివరింపవలసియున్నది. అంతకుముందు మేటి పందెగాండ్రు మలుపులో తమ దేహమును యంత్రముతో ఒకే వరుసలో నుంచి, మోకాళ్ళను పెట్రోలు ట్యాంకునకు అదిమిపట్టి, యంత్రముతోపాటు తామును ఒరుగుచుండిరి. అది చూడ సొగసైన భంగిమ. యార్నో అట్లు చేయలేదు. మలుపు సమీపింపగానే ఆసనమునుండి ప్రక్కకు జరిగి, దేహభారమును మలుపు లోపలి వైపునకు దింపి, ఆ వైపు మోకాలిని నేలకు చేరువగా చాచెను. యంత్రమును నడుపువానిని కలిపి ఒక్క వస్తువుగా భావించినచో, మలుపున నిలుచుటకు ఆ మొత్తము బరువు లోపలి వైపునకు ఒరుగవలెను. మనుష్యుడు తన బరువును ఎక్కువగా లోనికి దింపినచో, యంత్రము అంత ఎక్కువగా ఒరుగనక్కరలేదు. యంత్రము నిటారునకు దగ్గరగా నున్నకొలది టైరు నేలను బాగుగా పట్టును. కావున అదే వేగమున ఎక్కువ భద్రముగానైనను, అదే భద్రతతో ఎక్కువ వేగముగానైనను తిరుగవచ్చును. మంచుపై దేహమును కదలించి యంత్రమును లొంగదీసిన అలవాటు తారురోడ్డుపై ఈ రూపము దాల్చినది.

అమెరికా యువకుడు కెన్నీ రాబర్ట్స్ కాలిఫోర్నియాలోని ఆంటేరియో పందెపుబాటపై యార్నో నడుపుట చూచి, ఆ పద్ధతిని తానును చేపట్టి, మోకాలు నేలను తాకువరకు పెంచెను. ఆ రాబర్ట్స్ 1978, 1979, 1980 సంవత్సరములలో వరుసగా 500 సి.సి. ప్రపంచ విజేత యయ్యెను. తరువాతి తరములవారందరును ఆ త్రోవనే నడచిరి. నేడు మోటారుసైకిలు పందెముల చిత్రములలో మోకాలు నేలకు రాచుచు మలుపు తిరుగువానిని చూచి ఎవరును ఆశ్చర్యపడరు. అది మొదట కొందరికి వెక్కిరింపుగా తోచిన భంగిమయని కూడ ఎవరికిని జ్ఞాపకములేదు.

యార్నోకు తొలి గ్రాండ్ ప్రీ విజయము 1971లో లభించెను. చెకొస్లొవేకియాలోని బ్ర్నో నగరమున 350 సి.సి. పందెమున ఆతడు మొదటివాడయ్యెను. అటుపిమ్మట ఇటలీలో మోంజా బాటపై అదే తరగతిలోను, స్పెయిన్ దేశమున 250 సి.సి. తరగతిలోను గెలిచెను. సంవత్సరాంతమున ఒకదానిలో రెండవ స్థానము, మరియొకదానిలో మూడవ స్థానము దక్కినవి. భార్య సోయిలీ ఆతనితోకూడ ఊరూర తిరుగుచు, బాట ప్రక్కన నిలిచి గడియారము చేతబట్టి ఒక్కొక్క చుట్టునకు పట్టిన కాలమును లెక్కించుచుండెను.

ఆనాడు ఈ రంగమున తిరుగులేని వీరుడు ఇటలీ దేశస్థుడైన జాకొమో అగొస్తీని. ఎం.వి. అగుస్తా యంత్రముపై ఆతడు 350 సి.సి. తరగతిలో 1968 నుండి ఏటేట ప్రపంచ విజేతగా నిలుచుచుండెను. ఆతని యంత్రము చెడినప్పుడు తప్ప ఇతరులకు గెలుపు లేదను మాట వాడుకలో నుండెను. 1972 ఏప్రిలులో జర్మనీలోని న్యుర్బుర్గ్‌రింగ్ బాటపై యార్నో ఆ మాటను అబద్ధము చేసెను. అడవికొండల నడుమ ఎగుడుదిగుడుగా సుమారు 23 కిలోమీటర్ల పొడవున మెలికలు తిరిగిన బాట అది. మలుపులను లెక్కించుటయే కష్టము. గుర్తుంచుకొనుట అంతకన్న కష్టము. అట్టిచోట యార్నో ఎదురెదురు పోటీలో అగొస్తీనిని ఓడించెను. తరువాత ఫ్రాన్సు దేశమున మరల ఓడించెను. అగుస్తా సంస్థవారు ఉలికిపడి క్రొత్త యంత్రమును బాటపైకి తెచ్చిరి. చివరకు ఆ తరగతిలో ఛాంపియన్‌షిప్ అగొస్తీనికే దక్కినను, యార్నో రెండవవాడుగా నిలిచెను.

ఆ 1972లోనే 250 సి.సి. తరగతిలో యార్నో ప్రపంచ విజేత యయ్యెను. బెల్జియము, తూర్పు జర్మనీ, చెకొస్లొవేకియాలలో గెలిచి, స్వదేశమున ఇమాత్రాలో తనవారి యెదుట కూడ గెలిచెను. ఆతనితో చివరివరకు పెనగులాడినవాడు ఇటలీ దేశపు రెంజో పసొలీని. యార్నోకన్న ఏడేండ్లు పెద్ద. కళ్ళజోడు పెట్టుకొని పందెమాడు సరదామనిషి. ఇటలీ ప్రేక్షకులకు మిక్కిలి ప్రియుడు. ఆ దినములలో పందెము గెలిచినవానికి 15 పాయింట్లు, రెండవవానికి 12, మూడవవానికి 10 ఇచ్చుచుండిరి. సంవత్సరాంతమున లెక్క చూడగా యార్నోకు 94, పసొలీనికి 93 వచ్చినవి. ఒక్క పాయింటు! సంవత్సరము పొడవున సాగిన పోరు అంత సన్నని గీతపై తేలినది. ఒంటరిగా నడుపు మోటారుసైకిళ్ళ రోడ్డుపందెములలో ఫిన్లండునుండి ప్రపంచ విజేతయైనవాడు నాటినుండి నేటివరకు యార్నో ఒక్కడే.

1973లో యమహా సంస్థవారు ఆతనిని తమ ముఖ్య పందెగానిగా నియమించుకొనిరి. ఆ యేడు మార్చిలో ఆతడు అమెరికాలోని డేటోనాకు పోయి 200 మైళ్ళ పందెమున దిగెను. ప్రతిస్పర్థులలో పలువురు 750 సి.సి. ఇంజనులు గల యంత్రములు తెచ్చిరి. యార్నో తెచ్చినది 350 సి.సి. మాత్రమే. అయినను గెలిచెను. ఆ పందెమున గెలిచిన మొదటి యూరపువాడు ఆతడే. ఏప్రిలులో ఇటలీలోని ఇమోలాలో జరిగిన 200 మైళ్ళ పందెమును కూడ అట్లే గెలిచెను. పిమ్మట ఫ్రాన్సులోను, ఆస్ట్రియాలోను 250, 500 సి.సి. తరగతులు రెండింటను, అనగా వరుసగా నాలుగు పందెములలో, మొదటివాడయ్యెను. జర్మనీలో 250 సి.సి. పందెము గెలిచి, 500 సి.సి. పందెమున గొలుసు తెగుటచే ఆగిపోయెను. అప్పటికి ఆతని ప్రపంచ ఛాంపియన్‌షిప్ విజయములు మొత్తము 15. ఆ యేటి ఛాంపియన్‌షిప్‌లు రెండును ఆతనివే యని పత్రికలవారును, ప్రతిస్పర్థులును తలపోయుచుండిరి.

మే 20వ తేదీ ఆదివారము. ఇటలీలో మిలాను నగరమునకు సమీపముననున్న మోంజా. 1922లో నిర్మించిన ఆ బాట కార్ల పందెములకు ప్రసిద్ధి. కార్లవారి భద్రతకై బాట అంచుల వెంట ఉక్కుపట్టీల కంచె కట్టిరి. కారు అదుపు తప్పి ఆ కంచెను కొట్టినచో దాని రేకు నలుగును, లోపలివాడు చాలవరకు బ్రతుకును. మోటారుసైకిలువానికి చుట్టును రేకు లేదు. తోలు దుస్తులు, తలపై శిరస్త్రాణము మాత్రమే కలవు. వానికి ఉక్కుకంచె రక్షణ కాదు, మృత్యువు. పడినవాడు జారుచు జారుచు ఆగుటకు ఖాళీనేల కావలెను. లేనిచో కంచెకు ముందు గడ్డిమోపులైనను పేర్చవలెను. ఈ సంగతి పందెగాండ్రు పలుమారులు మొరపెట్టుకొనిరి. మొర విన్నవారు లేరు.

ఆ దినమున మొదట 350 సి.సి. పందెము జరిగెను. అందు ఒక యంత్రము చివరి చుట్లలో పొగలు క్రక్కుచు, బాటపై నూనె కార్చుచు తిరిగెను. బండియిరుసునకు కందెన ఎంత మేలో, పందెపుబాటకు నూనె అంత కీడు. తరువాతి పందెమునకు ముందు దానిని తుడిపింపుడని పోటీదారులలో ఒకరు అధికారులను కోరగా, వారు లక్ష్యపెట్టక పోగా గద్దించిరని ఆనాటివారు చెప్పియున్నారు.

250 సి.సి. పందెము ప్రారంభమయ్యెను. మొదటి చుట్టులోనే, బయలుదేరిన చోటికి కొలది దూరమున, ఇటలీవారు పెద్ద మలుపని పిలుచు కుడివైపు మలుపులో పసొలీని యంత్రము అదుపు తప్పెను. ఆతడు కంచెకు కొట్టుకొనెను. ఆతని యంత్రము వెనుకకు ఎగిరి, సరిగా వెనుకనే వచ్చుచున్న యార్నోకు తగిలెను. వారి వెనుక వచ్చుచున్నవారు పదిమందికి పైగా ఒకరిపై నొకరు కూలిరి. గడ్డిమోపులు కొన్ని అంటుకొని పొగ క్రమ్మెను. రెప్పపాటులో జరిగిన ఆ ప్రమాదమున యార్నో, పసొలీని యిద్దరును మరణించిరి. మునుపటి యేడు ఒక్క పాయింటు దూరమున నిలిచిన ప్రతిస్పర్థులు ఒక్కచోట నేలకొరిగిరి. యార్నోకు 27 ఏండ్లు; పసొలీనికి 34.

పసొలీని యంత్రము ఏల తప్పెను? ఇందులకు రెండు కారణములు చెప్పుదురు. బాటపై నిలిచిన నూనెయే కారణమని పెక్కుమంది పందెగాండ్రు నమ్మిరి. ఆతని యంత్రపు ఇంజను హఠాత్తుగా బిగుసుకొనిపోయినదని విచారణ జరిపినవారు తేల్చిరి. అట్టి ఇంజనులో ముషలకము వేడికి ఉబ్బి, తాను కదలు గొట్టములో ఇరుకుకొనుట కలదు. అప్పుడు వెనుకచక్రము తిరుగక బిగిసిపోవును. వాదము ఎట్లు తేలినను, ఒక మాట మాత్రము మారదు. బాట అంచున ఖాళీనేల యున్నచో పడుట పడుటగానే ముగిసియుండెడిది. మంచుపై జారుటను చిన్ననాడే జయించిన యార్నో ఆ దినమున తన తప్పు ఏమియు చేయలేదు. తన ముందు పడినవానిని తప్పించుకొనుటకు ఆతనికి చోటే లేకపోయినది.

ఈ వార్త విని ఫిన్లండు దుఃఖమున మునిగెను. యమహా సంస్థవారు ఆ సంవత్సరము తమ జట్టును పందెములనుండి ఉపసంహరించుకొనిరి. బాల్యస్నేహితుడు లాన్సివువోరి మాత్రము పందెము మానలేదు. ఆ యేడు 250, 350 సి.సి. తరగతులు రెండింటను ఆతడు ప్రపంచమున రెండవవాడుగా నిలిచెను.

మోంజాలో ఆ గ్రాండ్ ప్రీని మరుసటి సంవత్సరము జరుపలేదు, ఇమోలాకు మార్చిరి. 1974లో న్యుర్బుర్గ్‌రింగ్‌లో, యార్నో అగొస్తీనిని ఓడించిన ఆ బాటపైననే, గడ్డిమోపులు మొదలైన రక్షణలు చాలవని మేటి పందెగాండ్రు పందెమాడుటకు నిరాకరించిరి. తమ ప్రాణములకు తామే పూచీ యని ఎంచి ఊరకుండిన మనుష్యులు అట్లు ఒక్కమాటపై నిలుచుట క్రొత్త. రాతిగోడల నడుమ సాగు మాన్ దీవి బాట 1976 తరువాత ప్రపంచ ఛాంపియన్‌షిప్‌నుండి తొలగింపబడెను. రైలుపట్టాలు దాటు ఇమాత్రా బాటపై 1982 తరువాత గ్రాండ్ ప్రీ జరుగలేదు. నేటి పందెపుబాటలలో మలుపుల వెలుపల విశాలమైన గులకరాతి నేలలు, వాటి చివర గాలితో ఉబ్బించిన మెత్తని దిండ్లవంటి కంచెలు కనబడును. పడినవాడు చాలమారులు లేచి, దుమ్ము దులుపుకొని, నడచి పోవుచున్నాడు.

2009లో మోటారుసైకిలు గ్రాండ్ ప్రీ పందెముల ప్రముఖుల గౌరవశ్రేణిలో యార్నో సారినెన్ పేరు చేర్చిరి. ఇటలీలో మాత్రము ఆ పేరు అంతకు చాలముందే నిలిచినది. మోంజా దుర్ఘటన జరిగిన మరుసటి యేడు, 1974 జూలైలో, పెస్కారా నగరమున ట్రుల్లీ అను ఇంటిపేరు గలవారికి ఒక కుమారుడు పుట్టెను. ఆతని తండ్రికి ఫిన్లండు పందెగానిపై గల అభిమానముచేత, తమ దేశమున వాడుకలో లేని యార్నో అను పేరును ఆ శిశువునకు పెట్టిరి. ఆ బాలుడు పెరిగి కార్ల పందెములలో పేరు గడించి, 2004లో మొనాకో గ్రాండ్ ప్రీని గెలిచెను.